రేణిగుంట రోడ్డు షెడ్డులో పాత హోండా సిటీ వీటెక్: ఏది బాగు చేశారు, ఏది చెడగొట్టారు

తిరుపతిలో కార్ల షెడ్లకు కొదవ లేదు. అయితే ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న పాత కారును, అందులోనూ వేగం కోసమే జనం కొనుక్కున్న కారును మళ్లీ రోడ్డెక్కించే చోటు ఎక్కడని అడిగితే, చాలామంది మద్రాసు దారి చూపిస్తారు. మా మేనమామ గారి 2002 నాటి హోండా సిటీ వీటెక్‌ను నేను మద్రాసు పంపకుండా, రేణిగుంట రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలోని రేకుల షెడ్డులో బాగు చేయించాను. ఆ షెడ్డుకు బోర్డు లేదు. ఉన్న పనికే మనుషులు చాలడం లేదని, పేరు రాయవద్దని యజమాని కోరారు కనుక రాయడం లేదు. టైర్ల దుకాణాల వాళ్లను ‘పాత హోండాల మేస్త్రి’ అని అడిగితే దారి చెబుతారు.

కారు గురించి కొంత చెప్పాలి. మన దేశంలో మొదటి తరం హోండా సిటీ 1998లో వచ్చింది. ఆ తరం చివరి ఏళ్లలో అమ్మిన వీటెక్ రకంలో ఇంజిన్ ఒకటిన్నర లీటరుదే అయినా శక్తి 106 హార్స్‌పవర్. 2003లో వచ్చిన తరువాతి తరం సిటీలో అంతే పరిమాణం గల ఇంజిన్ 77 హార్స్‌పవర్ మాత్రమే ఇచ్చిందంటే, పాతదాన్ని ఇష్టపడే వాళ్లు ఇప్పటికీ దాన్ని ఎందుకు వదలరో అర్థమవుతుంది. వీటెక్ అనే ఏర్పాటు వల్ల ఈ ఇంజిన్‌లో వేగం పెరిగాక ఆయిల్ ఒత్తిడితో ఒక చిన్న పిన్ను కదిలి, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల రాకర్ ఆర్ములను (వాటిని నొక్కే మీటలను) మధ్యలోని పెద్ద కామ్‌తో, అంటే వాల్వులను ఇంకా ఎక్కువగా తెరిచే ఉబ్బుతో కలిపేస్తుంది. అప్పటిదాకా బుద్ధిగా వెళుతున్న బండి అక్కడి నుంచి గొంతు మార్చి దూసుకుపోతుంది. ఆ మార్పు వినడానికే కొందరు రెండో గేరులో అవసరానికి మించి లాగుతారు. మా మామ కూడా అందుకు మినహాయింపు కాదు.

రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండిన 2017లో కారు చంద్రగిరి దగ్గర మా తోట ఇంటి కొట్టంలోకి చేరింది. రెన్యువల్ చేయిద్దామనుకుంటూనే కాలం గడిచిపోయింది. హ్యాండ్‌బ్రేక్ వేసి, టాంకులో సగం పెట్రోలుతో, బ్యాటరీ వైర్లు కూడా విప్పకుండా వదిలేశారు. కాగితాలు చెల్లని బండిని రోడ్డు మీద నడపలేము కనుక లారీ మీదనే షెడ్డుకు చేర్చాము.

ఈ షెడ్డులో నాకు మొదట నచ్చిన సంగతి ఏమిటంటే, వాళ్లు తాళం తిప్పలేదు. అంతకు ముందు అడిగిన ఇంకొక చోట, కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే అదే లేస్తుందని ధీమాగా చెప్పారు. ఈ మేస్త్రి మాత్రం నాలుగు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో చిన్న గరిటెడు ఆయిల్ పోసి, రెండు రోజులు అలాగే నాననిచ్చారు. ఇన్నేళ్లు కదలని ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర మిగలదు. పిస్టన్ రింగులు తుప్పుతో గోడలకు పట్టుకుని ఉంటే సెల్ఫ్ మోటారు బలం వాటిని విడదీయడంతో ఆగదు, గీతలు కూడా పెడుతుంది. నానిన తరువాత పొడవాటి పిడి గల స్పానర్‌తో క్రాంక్ పుల్లీని (ఇంజిన్ ఇరుసు చివరి చక్రాన్ని) చేతితో తిప్పించారు. పని నేర్చుకుంటున్న పిల్లవాడు అలవాటు ప్రకారం కుడి వైపుకు తిప్పబోతే, మేస్త్రి వాడి మణికట్టు పట్టుకుని, “రేయ్, ఇది పాత హోండా. ఎడమకు తిప్పాల” అన్నారు. ఆ తరం హోండా ఇంజిన్లు నిజంగానే మిగిలిన వాటికి భిన్నంగా అపసవ్య దిశలో తిరుగుతాయి. పుల్లీ మొదట మొరాయించి, ఆపైన చిన్న కిర్రు శబ్దంతో వేలెడంత కదిలి, తరువాత నెమ్మదిగా పూర్తి చుట్టు తిరిగింది. ఆ తరువాత కూడా పెట్రోలు పంపు ఫ్యూజు తీసేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టించి, మీటరులో ఆయిల్ దీపం ఆరేదాకా ఆగారు. ఇంత ఓపిక చూశాక మిగిలిన పని కూడా వీళ్లకే అప్పగించాలని నిర్ణయించుకున్నాను.

టాంకు దించితే లోపలి పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది. టాంకు కడిగించి, పంపు, ఫిల్టరు మార్చారు. ఇంజెక్టర్లను శుభ్రం చేయించడానికి మద్రాసు పంపారు. ఇక్కడ మేస్త్రి చేసిన ఒక సూచన పాత కార్ల వాళ్లందరికీ పనికివస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. 2002 నాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికోసం తయారైనవి కావు. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక బండిని నిలిపి ఉంచితే టాంకు అడుగున నీరు చేరే ప్రమాదం ఎక్కువ. అందుచేత ఇంధనం వెళ్లే గొట్టాలన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్పించారు. బయటికి కనిపించని ఈ పనికి డబ్బు పెట్టడం చాలామందికి చేదుగా ఉంటుంది. అలాయ్ వీల్స్ కంటే ముందు పెట్టవలసిన ఖర్చు మాత్రం ఇదే.

వాల్వులను, పిస్టన్లను ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు చూడటానికి బాగానే ఉన్నా మార్చారు. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది కనుక రెండూ ఒకేసారి పూర్తయ్యాయి. వీటెక్ పిన్నుకు ఆయిల్‌ను వదిలే సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) కింద ఉండే చిన్న జల్లెడ నల్లటి మడ్డితో సగం మూసుకుపోయి ఉంది. అది అలాగే ఉంటే ఆయిల్ ఒత్తిడి అందక పెద్ద కామ్ పట్టుకోదు, పికప్ పోయిందని మనం ఇంజిన్‌ను తిడతాము. అన్నిటికంటే మెచ్చుకోదగినది మెయిన్ రిలే పని. డ్యాష్‌బోర్డు లోపల ఉండి పెట్రోలు పంపుకు కరెంటు ఇచ్చే ఈ రిలేలో టంకం పగలడం ఆ కాలపు హోండాలకు పాత జబ్బు. ఎండలో నిలిపిన కారు లోపల వేడెక్కగానే ఆ పగులు విడిపోయి పంపుకు కరెంటు ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. మేస్త్రి ఆ పలకను భూతద్దం కింద పెట్టి నాకు చూపించారు. ఒక కాలు చుట్టూ వెంట్రుక మందాన గుండ్రటి గీత ఉంది. కొత్త రిలే అమ్మే అవకాశం ఉన్నా, అక్కడే మళ్లీ టంకం పెట్టి సరిపెట్టారు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో తెలిసిన వాళ్లకు ఆ చిన్న పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

రేడియేటర్ దగ్గర అసలు కథ బయటపడింది. ఎప్పుడో ఎవరో, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని థర్మోస్టాట్‌ను పీకి పారేసి, బోరు నీళ్లు పోసి నడిపారు. మన ఎండలకు థర్మోస్టాట్ అక్కరలేదనే నమ్మకం మన మెకానిక్కుల్లో ఎంత బలంగా ఉందో చెప్పలేము. అది లేకపోతే ఇంజిన్ త్వరగా వేడెక్కక, ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు ఇంకా చలిగానే ఉందనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. బోరు నీటి ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో సున్నంలా గడ్డకట్టింది. కొత్త థర్మోస్టాట్, ఇంకాస్త మందమైన అల్యూమినియం రేడియేటర్, సరైన కూలెంట్ వేశారు. ఇంజిన్ విషయంలో నిజంగా అప్‌గ్రేడ్ అనదగినది ఈ రేడియేటర్ ఒక్కటే.

శక్తి పెంచమని నేను అడగకపోలేదు. పెద్ద ఇన్‌టేక్, వెడల్పు సైలెన్సర్, కంప్యూటరు రీమ్యాప్ (అందులోని ఇంజిన్ లెక్కలు మార్చడం) అంటూ ఒక జాబితా తీసుకెళ్లాను. మేస్త్రి దాన్ని చదివి మడిచి నా చేతికే ఇచ్చి, “సామీ, దీనికి పరిగెత్తే దమ్ము ఉండనే ఉంది. ఆగే దమ్ము చూద్దాం ముందు” అన్నారు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. రెన్యువల్ తనిఖీకి వెళ్లవలసిన బండికి మోత మోగే సైలెన్సర్ తగిలించడం కోరి కష్టం తెచ్చుకోవడమే. ఇంత నిజాయితీగా డబ్బు వద్దనే షెడ్డు నాకు ఇంతవరకు తగలలేదు.

బ్రేకుల మీద మాత్రం చేయి వెనక్కు తీయలేదు. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేయడంతో వెనుక లైనర్లు డ్రమ్ములకు అతుక్కుపోయాయి. సుత్తితో చుట్టూ తట్టి తట్టి విడదీయవలసి వచ్చింది. వెనుక వీల్ సిలిండర్లు, లైనర్లు కొత్తవి. ముందు క్యాలిపర్లు పాతవే అయినా సీల్ కిట్లు, డిస్కులు, ప్యాడ్లు మార్చి, రబ్బరు గొట్టాల స్థానంలో ఉక్కు అల్లిక గొట్టాలు వేశారు. బ్రేక్ ఆయిల్‌గా డాట్ 4 పోశారు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉంటే, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా ఉంటుంది. తేమ పీల్చుకున్నాక ఈ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. కొట్టంలో తొమ్మిదేళ్లకు దగ్గరగా తేమ పీల్చిన పాత ఆయిల్‌తో ఘాటు దిగి ఉంటే, అది మరిగి బ్రేకు పట్టక ఏమయ్యేదో ఊహించుకోవడానికి ఈ అంకెలు చాలు. పీలేరు రోడ్డులో భాకరాపేట ఘాటు దిగుతూ మలుపు మలుపుకూ బ్రేకు వేసి చూశాను. చివరి మలుపులో కూడా పెడల్ మొదటి మలుపులో ఉన్నంత గట్టిగానే ఉంది, కాలి కింద మెత్తబడలేదు. ఈ కారు కొత్తలో కూడా ఇంత నమ్మకంగా ఆగలేదని మామ అన్నారు.

టైర్ల విషయంలో చిన్న వాదన జరిగింది. గాడులు లోతుగా ఉన్నాయి కనుక కొన్నాళ్లు నడిపిద్దామని మామ అభిప్రాయం. మేస్త్రి టైరు పక్క గోడ మీద 2314 అనే నాలుగు అంకెలు చూపించారు: 2014లో ఇరవై మూడో వారం. గాలి ఎక్కించగానే పక్క గోడల్లో సన్నటి పగుళ్లు తెరుచుకున్నాయి. వాదన అక్కడితో ముగిసింది.

ఇక చెడగొట్టినవి. మొదటిది స్ప్రింగులు. నా అభ్యంతరాన్ని పక్కన పెట్టి, మలుపుల్లో ఒరగకుండా ఉంటుందని పొట్టి స్ప్రింగులు, గట్టి షాక్ అబ్జార్బర్లు వేశారు. ఖాళీ కారు హైవే మీద అద్భుతంగా వెళ్లింది. నలుగురు ఎక్కి తిరుచానూరు వైపు వెళితే ప్రతి స్పీడ్ బ్రేకరూ అడుగున గీకింది. వెనుక కూర్చున్న మా అత్తయ్య దిగి నడుస్తానన్నారు. తిరిగి తీసుకువెళితే పాత ఎత్తు స్ప్రింగులు వేసి లేబర్ తీసుకోలేదు, కాని ఆ పొట్టి స్ప్రింగుల ఖరీదు మాత్రం నా నెత్తినే పడింది. రెండవది రంగు. టింకరింగ్, పెయింటింగ్ పని ఈ షెడ్డులో చేయరు, బయట ఇంకొకరికి ఇస్తారు. నీడలో చూస్తే బాగానే ఉంటుంది. పొద్దున ఎండలో ఎడమ ముందు తలుపు ఒక రంగు, ఫెండర్ ఒక రంగు. తమ పని కాదని తప్పించుకోవడం ఇంత శ్రద్ధగల చోట నాకు నచ్చలేదు. రంగు పని వేరుగా, మీరే ఎంచుకున్న చోట చేయించుకోవడం మంచిది.

చెప్పిన గడువుకు పని అవుతుందని ఆశ పెట్టుకోవద్దు. విడి భాగాల్లో సగం మద్రాసులోని పుదుపేటలోనో, జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో వెతికి తేవలసిందే కనుక కొంత ఆలస్యం సహజం; అయితే ఫోను చేసినా ఎత్తకపోవడం సహజం కాదు. బిల్లు అట్టపెట్టె ముక్క మీద రాసి ఇచ్చారు, అడిగాక మాత్రం దుకాణాల రశీదులన్నీ లెక్క ప్రకారం చేతికిచ్చారు. మొత్తం రెండు లక్షల ఇరవై వేల దాకా అయింది. ఈ కారును అమ్మితే అంత రాదు. బ్యాటరీ ఒక్కటే చవకలో అయిపోయింది. అదీ తిరుపతి పక్కనే ఉన్న మన కరకంబాడిలో తయారైనదే.

కాగితాల పనిలో షెడ్డు వాళ్లు వేలు పెట్టరు. ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది. దానికి తోడు ఆలస్యపు రుసుము, గ్రీన్ ట్యాక్సు, బీమా కూడా చూసుకోవాలి. ఇంత ఖర్చుకూ రెన్యువల్ అయిదేళ్లకే. తనిఖీకి వెళ్లేముందు పసుపెక్కిన హెడ్‌లైట్ల అద్దాలను మేస్త్రి తానే రుద్ది పాలిష్ పెట్టి పంపారు, దానికి డబ్బు అడగలేదు.

ఇప్పటికి మిగిలిన లోపం ఏసీ. కదులుతున్నంతసేపు చల్లగానే ఉంటుంది, లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి కొడుతుంది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ మార్చాలని, మద్రాసు నుంచి రావాలని అంటున్నారు. అది వచ్చి బిగించాక, ఎండల్లో నడిపి చూసి, ఫలితం ఇక్కడే చేరుస్తాను.