మెక్సికో గల్ఫ్ తీరం: ఎల్‌నినో ఏడాదా, లానినా ఏడాదా?

భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకన్నా వేడెక్కితే ఎల్‌నినో, చల్లబడితే లానినా. టెక్సాస్ నుంచి ఫ్లోరిడా దాకా వీటి తేడా ముందుగా తెలిసేది చలికాలంలోనే. ఎల్‌నినో ఉంటే జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి) దక్షిణానికి జరుగుతుంది, తీరం వెంట వానలు ఎక్కువ. నదులు పొంగి మంచినీరు చేరితే తీరపు అఖాతాల్లో ఉప్పదనం పడిపోతుంది. ఆయిస్టర్లు (తినే ఒక రకం ఆల్చిప్పలు) దాన్ని ఎక్కువ రోజులు తట్టుకోలేవు. లానినాలో పొడి, వెచ్చని చలికాలం. అప్పుడు ఉప్పదనం పెరిగి, ఆయిస్టర్లను తొలిచి తినే నత్తలు, జబ్బులు విజృంభిస్తాయి.

హరికేన్ల లెక్క వేరు. ఎల్‌నినోలో అట్లాంటిక్‌పై ఎత్తుతోపాటు గాలివేగంలో తేడా పెరిగి తుపాను నిలదొక్కుకోలేదు. లానినాలో ఆ అడ్డు సడలుతుంది. లానినా ఏడాది 2020లో పేరు పెట్టిన తుపాన్లు 30. అలాగని ఎల్‌నినోను చూసి ధీమా పడకూడదు: 2023లోనూ ఐడాలియా హరికేన్ బాగా వేడెక్కిన గల్ఫ్ నీటిపై బలపడి, కేటగిరీ 3 (ఐదు స్థాయుల్లో మూడోది)గా ఫ్లోరిడాలో తీరం దాటింది. ఎల్‌నినో, లానినాలను తెలిపే పసిఫిక్ సూచీతోపాటు గల్ఫ్ నీటి వేడినీ చూడాలి.