రామాలో సముద్రం, దాని గట్లు: ఏళ్ల తరబడి చదివాక నా మాట

ఆర్థర్ సి. క్లార్క్ సైన్స్ ఫిక్షన్ నవల 'రెండెవూ విత్ రామా'ను కాలేజీ రోజుల నుంచి మళ్లీ మళ్లీ చదువుతూనే ఉన్నాను. 1973లో వచ్చిందనీ, హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ కొట్టిందనీ అందరికీ తెలుసు. కథ కూడా చాలామందికి తెలిసే ఉంటుంది. 2131లో 50 కిలోమీటర్ల పొడవున్న ఒక గొట్టం లాంటిది బయటి చుక్కల నుంచి సౌరకుటుంబంలోకి వస్తుంది, కమాండర్ నార్టన్ బృందం దాని లోపలికి దిగుతుంది. ఆకాశంలో కనిపెట్టినవాటికి పెట్టడానికి గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అయిపోయి మన దేవుళ్ల పేర్లు పెట్టడం మొదలయ్యాక వచ్చింది కాబట్టి దానికి రామా అని పేరు. అందులో రామాయణం వెతుక్కోవద్దు. నేను చెప్పాలనుకున్నది అందులో ఉన్న సముద్రం గురించి.

రామా తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడు వల్ల లోపలి గోడే నేలవుతుంది. ఆ నేల నడిమధ్యన, చుట్టూ వడ్డాణంలా, పది కిలోమీటర్ల వెడల్పున సముద్రం. గొట్టం ఒక కొసను ఉత్తరం, రెండో కొసను దక్షిణం అనుకోండి. సముద్రానికి ఉత్తరం వైపు గట్టు ఎత్తు 50 మీటర్లు. దక్షిణం వైపు గట్టు 500 మీటర్లు. ఒకే సముద్రానికి రెండు వైపులా అంత తేడా ఎందుకు?

మాది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. ఎండాకాలం వస్తే ట్రాక్టరు మీద డ్రమ్ములు పెట్టుకుని మంచినీళ్లు తెచ్చుకునేవాళ్లం. డ్రైవరు క్లచ్ ఒక్కసారిగా వదిలాడంటే డ్రమ్ములో నీళ్లు వెనక అంచు మీదికి లేచి, వెనక కూర్చున్న పిల్లలం తడిసిపోయేవాళ్లం. ముందు అంచు మీంచి ఒక్క చుక్క కూడా పోయేది కాదు. గట్ల సంగతి నవల విప్పి చెప్పే చోట నాకు ఆ డ్రమ్ములే కళ్ల ముందు కనపడ్డాయి. రామా ఉత్తరం వైపు ఉరికితే సముద్రమంతా దక్షిణం మీదికి ఎగబడుతుంది, అందుకే అక్కడ గట్టు పదింతలు. ఇంజను అనేది ఎక్కడా కనపడకపోయినా అది ఏ దిక్కుకు పోతుందో, ఎంత జోరు దాటకూడదో ఆ గట్టు ఎత్తును బట్టి లెక్క కట్టొచ్చు. దాన్ని కట్టినవాళ్లలో ఒక్కరూ పుస్తకంలో ఎదురుపడరు. నీళ్లు ఒలకకుండా వాళ్లు పడ్డ జాగ్రత్త మాత్రం కనపడుతుంది. ఇంత గొప్ప పరిచయం నేను ఇంకే కథలోనూ చూడలేదు.

తుపాను కూడా అంతే. సూర్యుడికి దగ్గరయ్యే కొద్దీ గడ్డకట్టిన సముద్రం అడుగు నుంచి కరగడం, లోపలి గాలి వేడెక్కి తుపానుగా మారడం, దాన్ని ముందే లెక్క కట్టి బృందాన్ని హెచ్చరించడం. నవంబరు వస్తే వాయుగుండం కబుర్లు వింటూ గడిపే మా నెల్లూరు వాళ్లకు ఆ పేజీలు బాగా పట్టుకుంటాయి. లెక్కను పట్టుకుని ముందుకు చూడటం క్లార్క్‌కు మొదటి నుంచీ ఉన్నదే. శ్రీహరికోట నుంచి మనవాళ్లు జీశాట్ సమాచార ఉపగ్రహాలను ఏ కక్ష్య కోసం పంపుతున్నారో, అక్కడి నుంచి ప్రపంచమంతా మాట్లాడుకోవచ్చని ఆయన 1945లోనే రాశాడు.

ఇందులో మనుషులు బలంగా లేరని ఎవరన్నా అంటే ఒకప్పుడు నేను గట్టిగా వాదించేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా వాదించను. నార్టన్‌కు భూమి మీద ఒక సంసారం, అంగారకుడి మీద ఇంకో సంసారం. అంత పెద్ద సంగతిని క్లార్క్ ఏదో మాటవరసకు చెప్పి దాటేస్తాడు. నార్టన్ బృందంలోని జిమ్మీ పాక్ ఆ 500 మీటర్ల గట్టు మీంచి చొక్కానే పారాచూట్‌గా పట్టుకుని దూకే చోట తప్ప ఎవరి గురించీ నాకు టెన్షన్ పుట్టలేదు.

ఇక నా కోపమంతా దీని తరవాతి మూడు పుస్తకాల మీదే. 1989, 1991, 1993లలో జెంట్రీ లీ అనే ఇంకో రచయితతో కలిసి క్లార్క్ తెచ్చినవి. రామా లోపల మనుషుల కాలనీ వెలుస్తుంది, నకమురా అనేవాడు దాన్ని గుప్పిట్లో పెట్టుకుంటాడు, పేజీలకు పేజీలు ఆ గొడవే. పోనీ అదన్నా భరించొచ్చు. చివరికి రామాను ఎవరు, ఎందుకు పంపారో కూడా చెప్పేస్తారు. గట్టు ఎత్తు చూసి మనంతట మనం ఊహించుకున్న వాళ్ల గురించి ఎవరో వచ్చి పాఠం చెప్పినట్టయింది. మా చెల్లెలు ఈ మాట ఒప్పుకోదు. ఆ మూడింటిలో ఉండే నికోల్ లాంటి మనిషి మొదటి పుస్తకంలో ఎక్కడుందో చూపించు అంటుంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ మూడూ ఇప్పుడు ఒంగోల్లో తన బీరువాలోనే ఉన్నాయి.

2017లో ఔమువామువా అనే వస్తువు ఆకాశంలో కనపడినప్పుడు మొదటి పుస్తకం మళ్లీ తీశాను. అదీ బయటి చుక్కల నుంచి వచ్చి, ఆగకుండా పోయిందే. ఈసారి సముద్రం ఇంకా బాగా నచ్చింది.

నాకు లెక్కలంటే ఇష్టం, ఇంగ్లీషు నిదానంగా చదువుతాను. చిన్న అధ్యాయాలు, తేలిక వాక్యాలు కాబట్టి నాకు సరిపోయింది. కుటుంబ కథలు ఇష్టమైనవాళ్లకు మా చెల్లెలి మాటే సరైనది కావచ్చు. ఏదైనా మొదటిది పూర్తిచేశాక, రామా ఎవరిదో తెలియాల్సిందే అనిపిస్తేనే రెండోది మొదలుపెట్టండి. నాకైతే ఇప్పటికీ అనిపించట్లేదు.