అలాస్కా ఓడలో బాల్కనీ గది: ఎవరికి దండగ, ఎవరికి కాదు

సియాటెల్ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో వేసవి వచ్చిందంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు. యెల్లోస్టోన్, నయాగరా అయ్యాక మిగిలేది అలాస్కా క్రూయిజ్. టికెట్లు చూడ్డం మొదలుపెట్టగానే ప్రతి ఇంట్లో అదే తర్జనభర్జన: బాల్కనీ గది తీసుకోవాలా, కిటికీ కూడా లేని లోపలి గదితో సరిపెట్టుకోవాలా?

ముందు డబ్బు సంగతి. వెబ్‌సైటులో పెద్దక్షరాలతో కనిపించే ధర మనిషికి, అదీ గదిలో ఇద్దరుంటారన్న లెక్కన. మేం చూసినప్పుడు లోపలి గదికీ బాల్కనీకీ మనిషికి ఐదారు వందల డాలర్ల తేడా ఉంది. అంటే గదికి వెయ్యి పైమాటే. పన్నులూ, పోర్టు చార్జీలూ, రోజుకి మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా పడే టిప్పులూ ఏ గదికైనా తప్పవు. ఆ వెయ్యి చేతిలో ఉంటే రేవుల్లో దిగినప్పుడు కొండ రైలో, తిమింగలాల పడవో ఎక్కొచ్చు. బాల్కనీ బాగుంటుందని అందరికీ తెలుసు. ఆ డబ్బుకి ఇంకేం వస్తుందో పక్కన పెట్టి చూస్తేనే అసలు బేరం అర్థమవుతుంది.

మేం రెండు రకాలూ తీసుకున్నాం. అమ్మానాన్నలకి బాల్కనీ గది, నడవాకి ఇవతల సరిగ్గా దాని ఎదురుగా మా ముగ్గురికీ లోపలి గది. పాపకి పైకప్పులోంచి కిందికి దిగే బంకు పడక. తలుపు తీసి రెండడుగులేస్తే బాల్కనీలో ఉంటాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తోచలేదు. అయితే ఎదురెదురు గదులు కావాలంటే నంబర్లు మనమే ఎంచుకునే టికెట్ కొనాలి. గది కంపెనీ ఇష్టానికి వదిలేసే ‘గ్యారంటీ’ టికెట్ కాస్త చవగ్గా వస్తుంది కానీ, ఒక గది ముందు భాగంలో, ఇంకొకటి తోక దగ్గర ఇచ్చినా మాట్లాడ్డానికి ఉండదు.

రూటు గురించి ఒక మాట. సియాటెల్లో బయల్దేరే ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమటి పక్కన, పసిఫిక్ సముద్రంలోంచి పైకి వెళ్తాయి. మొదటి సాయంత్రం ఒలింపిక్ పర్వతాలు కనిపిస్తాయి. మర్నాడు తెల్లారేసరికి నాలుగు వైపులా నీళ్ళే. గాలికి బాల్కనీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోలేం. పైగా ఊపు. అమ్మ ఆ పూటంతా అల్లం మురబ్బా చప్పరిస్తూ పడుకునే ఉంది. అదే కెనడాలోని వాంకూవర్ రేవు నుంచి వెళ్ళే ఓడలైతే దీవికీ ఒడ్డుకీ మధ్య ఇరుకు దారిలో పోతాయి. రెండు పక్కలా అడవులు, కొండలు. బాల్కనీకి పెట్టిన డబ్బు మొదటి రోజు నుంచే పనికొస్తుంది. సియాటెల్ నుంచి అయితే ఆ సముద్రపు రోజుల్ని బాల్కనీ లెక్కలోంచి తీసేయండి.

అలాస్కాలోని గ్లేసియర్ బే నేషనల్ పార్కులోకి రోజుకి రెండు పెద్ద క్రూయిజ్ ఓడల్నే రానిస్తారు. అందుకే అన్ని కంపెనీల ఓడలూ అక్కడికి పోవు. నన్నడిగితే గది రకం కన్నా ముందు, రూటులో ఆ పేరుందో లేదో చూసుకోవాలి. ఉంటే లోపలి గదైనా సరే ఎక్కేయొచ్చు.

ఆ పొద్దున పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కారు. రోజంతా మైకులో చెబుతూనే ఉన్నారు. 1794లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ వాంకూవర్ బృందం ఇటు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు అంతా మంచేనట. ఆ తర్వాత మంచు 60 మైళ్ళకు పైగా వెనక్కి తగ్గింది, ఇప్పుడు ఓడ పోతున్నది ఆ ఖాళీలోనే. చివర్లో మార్జరీ గ్లేసియర్ అనే మంచునది: మైలు వెడల్పు, నీళ్ళపైన 250 అడుగుల ఎత్తు. నేనూ మా ఆయనా ముందువైపు ఓపెన్ డెక్ మీదికి వెళ్ళాం. చూపు ఆనినంత మేరా చూడాలంటే అదే చోటు, అందులో సందేహం లేదు. బాల్కనీలోంచి కనిపించేది ఒక్క పక్కే. కానీ డెక్ మీద జనం, భుజాల మీంచి సెల్‌ఫోన్లు, వేళ్ళు కొంకర్లు పోయే చలి. అరగంట అవగానే నేనే అమ్మ గదిలోకి పరిగెత్తాను.

అక్కడ వేరే లోకం. అమ్మ శాలువా కప్పుకుని, నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని కుర్చీల్లో కూర్చున్నారు. లోపల టీవీలో రేంజర్ మాటలు వస్తున్నాయి. కెప్టెన్ ఓడని అక్కడే మెల్లగా తిప్పుతాడు కాబట్టి రెండు పక్కల గదులకీ గ్లేసియర్ ఎదురుగా వస్తుంది. ఎడమా కుడా అని బుకింగప్పుడు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఒక పెద్ద మంచు పెళ్ళ విరిగి జారింది. నీళ్ళు లేచాయి. చప్పుడు మాత్రం ఆగి వచ్చింది. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఇంకో ముక్క పడగానే “ఒకటి, రెండు” అని లెక్కపెట్టి, “రెండు సెకన్లు. ఏడు వందల మీటర్లు ఉంటుందమ్మా” అన్నారు. ఆ తర్వాత పాపకి అదే ఆట. పైన డెక్ మీద ఆ గోలలో ఈ తేడా నాకసలు తెలియనే లేదు.

మోకాళ్ళ నొప్పులున్న మనిషిని జనంలో గంటసేపు నిలబెట్టలేం. మా అమ్మ డెక్ మీదికి ఎక్కిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బాల్కనీ లేకపోతే ఆవిడ చూసే అలాస్కా భోజనాల హాలు కిటికీలోంచి కనిపించినంతే.

ఇంకో సంగతి. జూన్‌లో అలాస్కా రాజధాని జూనోలో నాలుగు కాకముందే తెల్లారుతుంది, రాత్రి పదికి గానీ పొద్దు గూకదు. తెల్లవారుజామునే లేచే అలవాటున్న అమ్మకి ఇది పండగ. అందరూ నిద్రలో ఉండగా బాల్కనీలో కూర్చుని ఒక పొద్దున మా తలుపు దబదబా బాదింది. “ఏమే, అల్లుడు గారిని లేపు. నీళ్ళలోంచి పొగ లేస్తోంది.” వెళ్ళి చూస్తే తిమింగలం ఊపిరి వదుల్తోంది. మనం బట్టలు మార్చుకుని, లిఫ్ట్ ఎక్కి డెక్ మీదికి చేరేలోగా అది వెళ్ళిపోతుంది. గది పక్కనే ఉన్న బాల్కనీకి డబ్బు పెట్టేది ఇలాంటి వాటికి.

మరి లోపలి గది? నిజం చెప్పాలంటే మేం హాయిగా ఉన్నాం. దీపం ఆర్పితే చేయి కూడా కనపడని చీకటి. రాత్రి పదిదాకా వెలుతురుండే చోట పాప తొమ్మిదింటికే నిద్రపోయిందంటే దాని చలవే. టైం తెలియదు కానీ, టీవీలో ఓడ ముందు కెమెరా చూపించే చానెల్ ఒకటి ఉంటుంది, సౌండ్ తీసేసి అది పెట్టుకుంటే తెల్లారింది తెలుస్తుంది. బట్టలు మార్చుకోడానికీ, పడుకోడానికీ తప్ప గదిలో ఉండని వయసు వాళ్ళకి బాల్కనీ శుద్ధ దండగ.

బాల్కనీయే అనుకుంటే ఏ బాల్కనీ అన్నది ముఖ్యం. లైఫ్ బోట్లు వేలాడే అంతస్తులో కొన్ని గదులకి ఎదురుగా పడవే ఉంటుంది, చవగ్గా దొరికితే అదెందుకో చూసుకోండి. కొన్నిటికి ముందు గాజు బదులు ఇనుప గోడ ఉంటుంది. నిలబడితే సరే, పొట్టిగా ఉండే మా అమ్మలాంటి వాళ్ళు కూర్చుంటే కనిపించేది తెల్ల రంగు రేకే. కొన్ని ఓడల్లో కింది అంతస్తుల బాల్కనీలు మెట్లలా ముందుకు వచ్చి పైన కప్పు లేకుండా ఉంటాయి. అలాస్కా వానకి అవి పనికిరావు. ఊపు పడనివాళ్ళు ఓడ నడుమ భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోవాలి. స్విమ్మింగ్ పూల్ కిందనే ఉండే గదులు వద్దు, పొద్దున్నే నెత్తిమీద కుర్చీలు ఈడుస్తారు. ఇంకొకటి, బాల్కనీ తలుపూ నడవా తలుపూ ఒకేసారి తీస్తే గాలి ఈడ్చి తలుపుని ధడాలున కొడుతుంది. పాప వేళ్ళు వెంట్రుకవాసిలో తప్పాయి. పిల్లలున్నవాళ్ళు మొదటి రోజే ఈ సంగతి చెప్పి పెట్టండి.

సర్వీసు మొత్తం మీద బాగుంది, ఒక్క విషయంలో తప్ప. పక్క బాల్కనీలో ఎవరో సిగరెట్ కాల్చేవాళ్ళు. నిబంధనల ప్రకారం అక్కడ కాల్చకూడదు. రిసెప్షన్‌కి పొద్దున చెబితే ‘చూస్తాం’ అన్నారు, మా ఆయన స్వయంగా వెళ్ళి కాస్త గట్టిగా అడిగాక గానీ మనిషి రాలేదు. అప్పటిదాకా అమ్మానాన్నలు అంత డబ్బు పెట్టిన బాల్కనీ తలుపు మూసుకునే కూర్చున్నారు.

తిండికి బెంగ అక్కర్లేదు. ముందు రోజు రాత్రి హెడ్ వెయిటర్‌కి చెబితే మర్నాటికి పప్పు, కూర, అన్నం విడిగా వండించారు. ఉప్పూ కారం మన లెక్కకి సగమే. కారప్పొడి సీల్ ప్యాకెట్లో ఉంటే ఒప్పుకున్నారు. రైస్ కుక్కరూ, కరెంటు కెటిలూ మాత్రం తీసుకెళ్ళకండి, స్కానింగులోనే తీసి పక్కన పెడతారు.

రేవుల్లో స్కాగ్వే మాకు అన్నిటికన్నా నచ్చింది. బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన వైట్ పాస్ నారో గేజ్ రైలు 20 మైళ్ళలో 2,865 అడుగుల ఎత్తుకి ఎక్కుతుంది. వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి. నడవనక్కర్లేదు, ఎక్కనక్కర్లేదు, పెద్దవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి. డబ్బు బాల్కనీకో దీనికో ఒక్కదానికే ఉంటే నేను రైలుకే పెడతాను. జూనో దగ్గరి మెండెన్‌హాల్ గ్లేసియర్‌కి బస్సు టికెట్లు ముందే కొనుక్కోవాలి. కెచికాన్‌లో ఏడాదికి 140 అంగుళాలకు పైగా వాన పడుతుంది, మేం వెళ్ళినప్పుడూ వదల్లేదు. గొడుగులతో క్రీక్ స్ట్రీట్ చుట్టొచ్చి ఓడెక్కేశాం.

కెనడాలోని విక్టోరియా రేవు సాయంత్రం పొద్దుపోయాక వస్తుంది, చూసేది తక్కువే. అసలక్కడ ఆగేదే 1886 నాటి అమెరికా చట్టం వల్ల. విదేశీ జెండా ఓడ (మేం ఎక్కినలాంటి, వేరే దేశంలో రిజిస్టరైన ఓడ) అమెరికా రేవులో బయల్దేరి మళ్ళీ అక్కడికే రావాలంటే మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగి తీరాలి. దీంతో మనవాళ్ళకి వచ్చే చిక్కు పెద్దది: ఇండియా పాస్‌పోర్టు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి కెనడా వీసా కూడా ఉండాలి. ‘మేం అక్కడ దిగం’ అంటే కుదరదు, సియాటెల్లోనే ఆపేస్తారు. బాల్కనీ గురించి ఆలోచించేముందు ఆ వీసాకి అప్లై చేయండి.

మా తమ్ముడు ఇప్పుడు సింగపూర్ నుంచి మూడు రాత్రుల క్రూయిజ్‌కి ఇదే ప్రశ్న అడుగుతున్నాడు. లోపలి గదే తీసుకోరా అన్నాను. బయట ఉక్కపోత, దారిలో చూడ్డానికి సరుకు ఓడలు. పిల్లలు ఎలాగూ నీళ్ళ జారుడుబల్లల దగ్గర్నుంచి కదలరు. అత్తయ్యగారు కూడా వస్తున్నారని నిన్న చెప్పాడు, అయితే ఆవిడ ఒక్క గదికీ కనీసం కిటికీ ఉన్నది చూడమన్నాను.