లవ్‌బర్డ్స్ గూడు: కుండ మంచిదా, పెట్టె మంచిదా? అసలు ఇప్పుడే కట్టాలా?

హన్మకొండ, వరంగల్ షాపుల్లో లవ్‌బర్డ్స్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం బడ్జీలే, అంటే పొడవు తోక ఉన్న చిన్న రకం చిలకలు. చాలాచోట్ల జోడీతో పాటు పంజరం, దానికి కట్టిన మట్టికుండ కలిపి ఇచ్చేస్తారు. కొన్నరోజే ఆ కుండ విప్పి పక్కన పెట్టండి. బడ్జీకి గూడు కనబడితే చాలు, వయసూ బలం లేకున్నా గుడ్లకు దిగుతుంది.

కుండలో మంచి లేకపోలేదు. అడుగు గుండ్రం కాబట్టి గుడ్లు ఒక్కచోటే ఉంటాయి, పిల్లల కాళ్లు జారవు. కానీ లోపలికి చెయ్యి పట్టదు. రెట్ట గట్టిపడి పిల్లల గోళ్లకు ఉండలు కడుతుంది, ఒక పిల్ల చచ్చినా బయటికి తెలియదు.

అందుకే మూత తెరుచుకునే ప్లైవుడ్ పెట్టె మేలు. 8 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 7 ఎత్తుకు తగ్గొద్దు. రంధ్రం 2 అంగుళాలు దాటొద్దు. అడుగున గుంట తీసిన చెక్క తప్పనిసరి. ఆ గుంట రంధ్రం కిందనే ఉంటే ఆడపిట్ట దూకినప్పుడల్లా గుడ్లు పగులుతాయి, అవతలి మూలకు ఉండాలి. అడుగు చదునుగా ఉన్న పెట్టె ఎంత చవకైనా వద్దు. పిల్లల కాళ్లు రెండు పక్కలకు విచ్చుకుపోయి జన్మంతా అవిటివవుతాయి. చెక్కపొట్టు మందంగా పోస్తే సరిపోతుందంటారు గానీ, ఆడపిట్ట దాన్నంతా బయటికి తోసేస్తుంది.

ఇక కట్టే సమయం. ఆడపిట్టకు ఏడాది నిండాలి. నుదుటి చారలు ముక్కు దాకా ఉన్నది ఇంకా మూడు నాలుగు నెలల పిల్లే, ‘రెడీ జోడీ’ అంటే నమ్మొద్దు. ఆడదానికి ముక్కు పైభాగం ముదురు గోధుమరంగుకు తిరగాలి. మగదానికి నీలం ఉంటుంది, అల్బినో (పూర్తి తెలుపు), లూటినో (పూర్తి పసుపు) అయితే గులాబీ. ఒకే గూటి పిల్లలను జోడీ కట్టొద్దు.

నెల ముందు నుంచే కాల్షియం కోసం కటిల్ బోన్ వేలాడదీయండి, ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు అని దొరికేది అదే. కొర్రలు, సామలకు తోడు ఉడికిన గుడ్డు, మునగాకు పెట్టండి. కాల్షియం తక్కువైతే గుడ్డు బయటికి రాక లోపలే అడ్డం పడుతుంది. పిట్ట ఒళ్లు ఉబ్బించి, తోక ఊపుతూ పంజరం అడుగున కూర్చుంటే వెచ్చగా ఉంచి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పొట్ట నొక్కితే గుడ్డు లోపలే పగులుతుంది. వరంగల్ దగ్గర మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, పిట్టలను చూస్తారా అని ముందే అడిగి పెట్టుకోవాలి.

రోజు విడిచి రోజు నాలుగు నుంచి ఆరు గుడ్లు, పొదగడానికి 18 రోజులు, పిల్లలు గూడు దాటడానికి మరో ఐదు వారాలు. మన ఏప్రిల్, మే ఎండల్లో పెట్టెలో పిల్లలు ఉడికిపోతాయి. వానలు తగ్గాక మొదలుపెట్టి మార్చిలోపు ముగించాలి. ఏడాదికి రెండు విడతలు చాలు, అప్పటికే పది పిల్లలవుతాయి. అవి ఎవరింటికి పోతాయో ముందే తేల్చుకోండి. సాకలేక గాలిలోకి వదిలితే కాకుల పాలే.

రెండో విడత పిల్లలు సొంతంగా తినడం మొదలుపెట్టగానే పెట్టె విప్పి, వేడినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి అటక మీద పెట్టేయండి. ఆడపిట్ట గింజల గిన్నెలో కూడా గుడ్లు పెడితే జోడీని కొన్నాళ్లు వేరు పంజరాల్లో ఉంచాలి.