పెరటి చాటుకి ఏ చెట్లు మేలు: ఎమరాల్డ్ గ్రీనా, గ్రీన్ జయంటా, నార్వే స్ప్రూసా?

న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయ్ లాంటి చలి రాష్ట్రాల్లో ఇల్లు కొన్న మనవాళ్లకి మొదటి వేసవిలోనే వచ్చే ఆలోచన, పెరటికి చాటు. చాలా ఊళ్లలో ఆరడుగులకి మించి ఫెన్స్ కట్టనివ్వరు. డెక్ మీద నిలబడితే పక్కింటి కిటికీలు ఎదురుగానే ఉంటాయి. ఇక మిగిలింది చలికాలంలో కూడా ఆకు రాల్చని చెట్లు. నర్సరీలో ఎక్కువగా కనిపించేవి మూడు: ఎమరాల్డ్ గ్రీన్ ఆర్బర్‌వైటీ, గ్రీన్ జయంట్ ఆర్బర్‌వైటీ, నార్వే స్ప్రూస్. కొనేవాళ్లు ఎత్తూ ధరా చూస్తారు. నిజానికి తేల్చేవి రెండే: మీ దగ్గర ఎంత వెడల్పు జాగా ఉంది, మీ వీధిలోకి జింకలు వస్తాయా?

ఎమరాల్డ్ గ్రీన్ 12–15 అడుగుల ఎత్తు, 3–4 అడుగుల వెడల్పు దగ్గర ఆగిపోతుంది. ఏడాదికి అడుగు లోపే పెరుగుతుంది. మూడడుగులకి ఒకటి చొప్పున, ఫెన్స్‌కి మూడడుగులు ఎడంగా నాటితే సరిపోతుంది. 40 అడుగుల బారుకి 13 మొక్కలు పడతాయి. చిన్న పెరడుకి ఇంతకన్నా అమరే చెట్టు లేదు. చిక్కల్లా జింకలతోనే. ఫిబ్రవరిలో తినడానికి ఇంకేమీ దొరకనప్పుడు అవి దీన్ని నేల నుంచి మెడ అందినంత ఎత్తు దాకా దువ్వేసినట్టు తినేస్తాయి. ఆర్బర్‌వైటీ పచ్చదనం పూర్తిగా పోయిన కొమ్మ మీద మళ్లీ చిగురు వేయదు. పైన పచ్చటి గొడుగు, కింద ఐదడుగుల బోడి కాండం మిగులుతాయి. చాటు కావాల్సిన చోటే ఖాళీ అయిపోతుంది.

గ్రీన్ జయంట్ జోరు వేరు. నేల, నీరు కుదిరితే ఏడాదికి మూడడుగులు లేస్తుంది. జింకలు దీని జోలికి తక్కువగా వస్తాయి, అసలు రావని మాత్రం అనుకోవద్దు. లేత మొక్కలకి మొదటి రెండు చలికాలాలూ వల చుట్టాలి. ఇది చివరికి 50–60 అడుగుల ఎత్తు, 12 అడుగులకి పైగా వెడల్పు అయ్యే చెట్టు. మూడడుగుల పిల్లమొక్కని చూసి ఫెన్స్ పక్కనే నాటితే పదేళ్లకి పక్కవాళ్ల పెరట్లోకి ఒరుగుతుంది. ఏటా కత్తిరించాలంటే నిచ్చెనలూ మనుషులూ కావాలి. ఫెన్స్‌కి కనీసం ఎనిమిదడుగులు వదలండి, మొక్కకీ మొక్కకీ మధ్య ఆరడుగులు. ఇంకో మాట, అమెరికా వ్యవసాయ శాఖ చలిని బట్టి విడదీసిన జోన్లలో (అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ) ఇది జోన్ 5 దాకానే. ఉష్ణోగ్రత మైనస్ 20 ఫారన్‌హీట్ కన్నా దిగే చోట దీన్ని నమ్ముకోకూడదు. ఉత్తర మిన్నెసోటాలో ఉంటే దీన్ని లెక్కలోంచి తీసేయండి.

నార్వే స్ప్రూస్ జోన్ 3 చలిని కూడా తట్టుకుంటుంది, జింకలు దాదాపు ముట్టుకోవు. మొదటి రెండు మూడేళ్లు కదలనట్టే ఉండి, వేరు పట్టాక ఏడాదికి రెండడుగుల దాకా సాగుతుంది. కానీ అడుగున 25 అడుగుల వెడల్పు పరుచుకుంటుంది. అర ఎకరం, ఆపైన స్థలం ఉన్నవాళ్ల చెట్టు ఇది. దీనికి బదులు రంగు బాగుందని బ్లూ స్ప్రూస్ తెచ్చుకోకండి. పొడి గాలి కొండల్లో పుట్టిన ఆ చెట్టుకి మిషిగన్, ఇల్లినాయ్ వేసవి తేమ పడదు. శిలీంధ్రం సోకి కింది కొమ్మల లోపలి సూదులు ఊదా గోధుమరంగులోకి తిరిగి రాలిపోతాయి.

కాబట్టి ఇరుకు పెరడు, జింకలు లేని వీధి అయితే ఎమరాల్డ్ గ్రీన్. జింకలు తిరుగుతూ, పదిహేను అడుగుల జాగా వదలగలిగితే గ్రీన్ జయంట్. పెద్ద స్థలం, గట్టి చలి అయితే నార్వే స్ప్రూస్. ఇరుకు పెరడూ జింకలూ రెండూ ఉంటే ఎమరాల్డ్ గ్రీనే వేసి, చలికాలమంతా ఆరడుగుల వల కట్టడం తప్పదు. జింకల్ని తరిమే వాసన స్ప్రేలు వానకి కొట్టుకుపోతాయి, మళ్లీ మళ్లీ కొట్టాలి.

ఏది ఎంచుకున్నా చచ్చిపోయేవి ఎక్కువగా నాటడంలోనే చస్తాయి. తవ్వేముందు 811కి ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టించుకోండి. గుంత వేరుముద్దకి రెండు మూడింతలు వెడల్పుండాలి, లోతు మాత్రం ముద్దంతే. గోనెలో కట్టి వచ్చిన చెట్లకి కాండం వేళ్లుగా విచ్చుకునే చోటు తరచూ మట్టికింద కూరుకుని ఉంటుంది. పైమట్టి గీకి ఆ చోటు కనిపించేలా, నేలమట్టానికి ఒక అంగుళం పైకే ఉండేలా నాటండి. తాడు కోసేయాలి, గోనె, తీగబుట్ట పైసగం తీసేయాలి. కుండీ మొక్క అయితే చుట్టుకుపోయిన వేళ్లని నాలుగు పక్కలా నిలువుగా కోయాలి. గుంతలో కంపోస్టు కలపొద్దు, తవ్విన మట్టే నింపండి. లేకపోతే వేళ్లు ఆ మెత్తటి చోటు వదిలి బయటికి పోవు. మల్చ్ (చెట్టు చుట్టూ నేల మీద పరిచే చెక్కపొట్టు లాంటిది) మూడంగుళాలు చాలు, కాండానికి తగలకూడదు.

మొదటి రెండు వారాలు రోజూ, పన్నెండో వారం దాకా రెండు మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి నీళ్లు పెట్టాలి. అయిదారడుగుల చెట్టుకి అయిదు గ్యాలన్లు, నిదానంగా, చెట్టు మొదలు దగ్గరే. లాన్ స్ప్రింక్లర్ పైపొరనే తడుపుతుంది. బంకమట్టి అయితే ముందు వేలు పెట్టి చూడండి, తడి నిలిచి ఉంటే వేళ్లు కుళ్లుతాయి.

కరివేపాకు కుండీ ఇంట్లోకి తెచ్చేశాక బయటి చెట్లని మర్చిపోవడం మామూలు. ఆకు ఉన్న చెట్టు జనవరి ఎండకీ గాలికీ కూడా నీరు వదులుతూనే ఉంటుంది, గడ్డకట్టిన నేల నుంచి తిరిగి తాగలేదు. దక్షిణం, పడమర వైపు ఆకు ఎర్రబారి మాడేది అందుకే. నేల గడ్డకట్టేదాకా నీళ్లు ఆపకండి. గాలి కొట్టే వైపు కర్రలు పాతి బర్లాప్ (గోనెగుడ్డ) తెర కట్టండి, ఆకుకి తగలనివ్వొద్దు. మాడిన కొమ్మని మార్చిలో కోసేయకండి. మొగ్గ బతికుంటే మే, జూన్‌లో చిగురు వస్తుంది.

మంచు బరువుకి ఎమరాల్డ్ గ్రీన్ నిలువునా విచ్చుకుంటుంది. నవంబరులో మెత్తటి తాడు వదులుగా చుట్టి, ఏప్రిల్‌లో విప్పండి. ఆ చలి రోజుల్లోనే కొమ్మలకి రెండంగుళాల సంచుల్లా వేలాడేవి ఉన్నాయేమో చూడండి. కాయలనుకుని వదిలేస్తారు గానీ అవి బ్యాగ్‌వర్మ్ పురుగు గూళ్లు, ఒక్కోదాంట్లో వందల గుడ్లుంటాయి. మే నెల లోపు కత్తెరతో కోసి సబ్బునీళ్లలో ముంచేయాలి. కింద పడేస్తే అక్కడే పొదిగి మళ్లీ చెట్టెక్కుతాయి.