మాంట్రియల్‌లో హారర్ షార్ట్ ఫిల్మ్స్: ఏవి చూడాలి, ఎక్కడ దిగాలి

కెనడా ఇండిపెండెంట్ హారర్ షార్ట్ ఫిల్మ్స్ చూడాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పే ఊరు మాంట్రియల్, నెల జులై. 1996లో మొదలైన ఫాంటాసియా ఫిల్మ్ ఫెస్టివల్ అక్కడ జులై మధ్య నుంచి ఆగస్టు మొదటి వారం దాకా, ఇంచుమించు మూడు వారాలు జరుగుతుంది. మనకి షార్ట్ ఫిల్మ్ అంటే యూట్యూబ్ లింక్. అన్నం తింటూ ఫోన్‌లో చూసేస్తాం. మిగతావాటి సంగతేమో గానీ, హారర్‌ని అలా చూస్తే సగం పోతుంది. పది నిమిషాల సినిమాకి భయపెట్టే టైమే తక్కువ. చీకటి హాలు, పక్కన తెలియని మనుషులు ఉంటే ఆ పది నిమిషాలూ చాలు.

టొరంటో వైపు ఉండేవాళ్లకి యూనియన్ స్టేషన్ నుంచి రైలు హాయి. అయిదు గంటల పైచిలుకు ప్రయాణం, సాగినట్టు అనిపించదు. ఒకసారి డబ్బు మిగులుతుందని బస్సులో వెళ్లాను. ఛార్జింగ్ పాయింట్ పనిచెయ్యలేదు, చేరేసరికి బాగా ఆలస్యమైంది, ఆ సాయంత్రం షో పోయింది. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లయితే ఎయిర్‌పోర్ట్ బయట 747 నంబర్ బస్సు ఎక్కండి. రాత్రీ పగలూ తిరుగుతుంది. ఆ టికెట్‌తోనే 24 గంటలు మెట్రో, బస్సులు కూడా ఎక్కొచ్చు.

బసకి వస్తే, హాలుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉండటం మిగతా అన్నిటికంటే ముఖ్యం. ఒకసారి ప్లాటో పేటలో నేను అద్దెకి తీసుకున్న ఇల్లు ఫోటోల్లో ఎంతో ముచ్చటగా ఉంది. ఆ పేటలో చాలా ఇళ్లకి మెట్లు బయటే ఉంటాయి, మెలికలు తిరిగిన ఇనుప మెట్లు. చూడ్డానికి అందమే, సూట్‌కేస్ పట్టుకుని ఎక్కాలంటే మాత్రం నడుము పడిపోతుంది. పైగా తలుపు కోడ్ పనిచెయ్యలేదు, రాత్రి పదకొండింటికి ఓనర్ ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాతి ప్రయాణంలో కాంకోర్డియా యూనివర్సిటీ వాళ్ల గ్రే నన్స్ భవనంలో దిగాను. పందొమ్మిదో శతాబ్దంలో సన్యాసినుల కోసం కట్టిన పెద్ద రాతి కట్టడం, ఇప్పుడు స్టూడెంట్ హాస్టల్. వేసవిలో గదులు బయటివాళ్లకి కూడా ఇస్తారు. బాత్రూమ్‌లు కామన్. అది ఫరవాలేదనుకుంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఒకప్పటి ప్రార్థనా మందిరం ఇప్పుడు చదువుకునే హాలు. ఎత్తైన ఆ పైకప్పు కింద పిల్లలు లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. అక్కణ్ణించి ఫెస్టివల్ హాలు కొద్ది నిమిషాల నడక. అర్ధరాత్రి షో అయ్యాక మెట్రో ఉందో లేదో అన్న టెన్షన్ లేదు. ఒక్క జాగ్రత్త: పూర్తి షెడ్యూల్ బాగా ఆలస్యంగా వస్తుంది, గది మాత్రం దానికంటే ముందే బుక్ చేసుకోవాలి.

టికెట్ ఉన్నా సీటు నంబర్ ఉండదు. అక్కడే చదువుకునే మా పిన్ని కొడుకు ముందే చెప్పాడు, "అక్కా, టికెట్ ఉంది కదా అని నిదానంగా వస్తే మూలన కూర్చోవాల్సిందే" అని. పెద్ద సినిమాలకి లైను బిల్డింగ్ చుట్టూ తిరుగుతుంది. వలంటీర్లు ఓపికగా సర్దుతారు, ఫ్రెంచ్ రాకపోయినా ఇబ్బంది లేదు. లైట్లు ఆరగానే హాలంతా "మ్యావ్" అని అరుస్తారు. ఒక మూల ఒకరు మొదలుపెడితే వెనక వరసలు అందుకుంటాయి, ఎవరో కుక్కలా మొరుగుతారు. మొదటి ఫ్రేమ్ పడగానే అంతా నిశ్శబ్దం. నాకు ఈ జనం తెగ నచ్చేశారు.

పెద్ద సినిమాల వెంట పడకుండా షార్ట్స్ ప్యాకేజీలకి, అంటే కొన్ని షార్ట్ ఫిల్మ్స్ కలిపి వేసే షోలకి, టికెట్ తీసుకోండి. మహిళా దర్శకుల సినిమాలతో వేసే 'బోర్న్ ఆఫ్ వుమన్' అందులో నా మొదటి ఎంపిక. అందులో అన్నీ కెనడావే ఉండవు, అయినా వదలకూడదు. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రం కుర్రాళ్ల సినిమాలకైతే వేరే వారాంతాలే ఉన్నాయి. అక్కడ చాలావరకు ఫ్రెంచ్, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. షో తర్వాత దర్శకులు స్టేజి మీదకొస్తారు. మంచులో షూట్ చేసిన ఒకమ్మాయి చెప్పింది: మొక్కజొన్న పాకంతో చేసిన రక్తం చలికి చిక్కబడి సీసాలోంచి దిగేది కాదట, కారు హీటర్ దగ్గర పెట్టి కరిగించుకుంటూ తీశారట. సొంత డబ్బుతో తీసేవాళ్ల కష్టం అలా నోటితో వింటే ఆ సినిమా మీద గౌరవం పెరుగుతుంది.

వెళ్లేముందు కొన్ని పాతవి చూసి వెళ్లండి. దర్శకుడు డెనీ విల్నెవ్ హాలీవుడ్‌కి వెళ్లకముందు 2008లో మాంట్రియల్‌లో తీసిన 'నెక్స్ట్ ఫ్లోర్' పదకొండు నిమిషాలు. గొప్పింటివాళ్లు బల్ల చుట్టూ కూర్చుని మాంసం తింటూనే ఉంటారు. నేల విరిగి బల్లతో సహా కింది అంతస్తులో పడతారు, ఒంటి నిండా దుమ్ము, మళ్లీ తింటారు. వడ్డించేవాళ్లు మెట్ల మీదుగా పరుగెత్తుకొస్తారు. మాటలు దాదాపు లేవు, చూశాక నాకు అన్నం సహించలేదు. కాంకోర్డియాలోనే చదువుకున్న, మిగ్మా అనే ఆదివాసీ జాతికి చెందిన దర్శకుడు జెఫ్ బార్నబీ (2022లో చనిపోయారు) 2010లో తీసిన 'ఫైల్ అండర్ మిసలేనియస్' ఇంకా గట్టిది. తన జాతి రూపం వదిలించుకుని తెల్లవాడు కావడానికి ఆపరేషన్ చేయించుకునే మనిషి కథ. అందులో దెయ్యం లేదు, చరిత్రే ఉంది. నా లెక్కలో కెనడా హారర్‌కి సొంత గొంతు ఇక్కడే వినిపిస్తుంది. డానిస్ గూలే 'వేకెనింగ్' (2013) కూడా ఆ కోవదే. క్రీ అనే మరో ఆదివాసీ జాతి కథల్లోని నరభక్షక భూతం వీటిగోని పాడుబడ్డ థియేటర్లోకి తెచ్చింది. విన్సెంజో నటాలీ 'ఎలివేటెడ్' (1996) ఒక లిఫ్ట్, ముగ్గురు మనుషులు, అంతే. తక్కువ డబ్బుతో తీయాలనుకునే మన కుర్రాళ్లు తప్పకుండా చూడాలి. జేసన్ ఐసెనర్ 'ట్రీవెంజ్' (2008)లో క్రిస్మస్ చెట్లు పగ తీర్చుకుంటాయి. రక్తం విపరీతం, పిల్లల ముందు వద్దు.

తిండికి హాలు చుట్టూ చవక ఆసియా హోటళ్లు చాలా ఉన్నాయి. శాకాహారులు పూటీన్ (బంగాళాదుంప ఫ్రైస్ మీద చీజ్, గ్రేవీ వేసిచ్చేది) తినేముందు గ్రేవీ దేనితో చేశారో అడగాలి, మామూలుగా అది మాంసంతో చేసిందే ఉంటుంది. లా బాంకీజ్ అనే హోటల్లో శాకాహార సాస్ దొరుకుతుంది. దోసె మీదకి మనసు పోతే మెట్రోలో పార్క్ ఎక్స్‌టెన్షన్ పేటకి వెళ్లండి.

జులైలో కుదరకపోతే టొరంటోలో 2012 నుంచి నడుస్తున్న 'బ్లడ్ ఇన్ ద స్నో' ఫెస్టివల్ ఉంది, మామూలుగా నవంబరులో. అక్కడ వేసేవన్నీ కెనడా సినిమాలే. మాంట్రియల్ అంత సందడి ఉండదు, కానీ దర్శకులతో తీరిగ్గా మాట్లాడొచ్చు. ప్రయాణమే కుదరనివాళ్లకి కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ సైట్‌లో 'మాడమ్ టుట్లీ-పుట్లీ' (2007) ఉచితం. రాత్రి రైల్లో ఒంటరి బొమ్మ మనిషి, ఆ బొమ్మ ముఖానికి నిజం మనిషి కళ్లు. ప్రభుత్వ సంస్థ నిర్మించింది కాబట్టి ఇండిపెండెంట్ అనలేం, అయినా మొదట అదే పెట్టండి. రక్తం పెద్దగా లేదు కాబట్టి ఇంట్లో అమ్మానాన్నలతో కూడా చూడొచ్చు.