గుణదల తిరునాళ్లు: లాడ్జీలో దోపిడీ, పందిట్లో పప్పన్నం

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదలలో జరిగే మరియమాత ఉత్సవాలకు వెళ్లదలచిన వాళ్లకు నేను మొట్టమొదట చెప్పవలసింది బస గురించే. కొండ, మాత గుహ, దివ్యబలిపూజ (చర్చిలో జరిగే ప్రధాన ఆరాధన), జనసందోహం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, ఆ మూడు రోజులూ ఊళ్లో లాడ్జీలవాళ్లు ఎలా పిండుతారో ముందుగా చెప్పే పుణ్యాత్ములు తక్కువ.

మాది ఖమ్మం మేత్రాసనంలో, అంటే అక్కడి బిషప్పుగారి పరిధిలో, ఒక పల్లెటూరి విచారణ (ఒక చర్చికి చెందిన క్రైస్తవుల సంఘం). ఊరివాళ్లంతా బస్సు మాట్లాడుకుని గుణదల వెళ్లడం, అక్కడే పందిరి కింద వండుకు తిని పడుకోవడం మా నాన్నగారి కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. ఈసారి అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువగా ఉన్నందువల్ల, నేల మీద పడుకోలేదని, నేనూ మా ఆవిడా అమ్మను తీసుకుని రైల్లో వెళ్లి లాడ్జీలో దిగుదామనుకున్నాము. బస్టాండుకు దగ్గరలో ఉన్న ఒక లాడ్జీకి ఫోను చేస్తే, ముగ్గురికి సరిపడే గది రోజుకు 1,400 రూపాయలని చెప్పి, ఫోన్‌లోనే 500 అడ్వాన్సు కట్టించుకున్నారు. చెకౌట్ 24 గంటల లెక్కన అని కూడా అడక్కుండానే చెప్పారు.

రాత్రి తొమ్మిది దాటాక సంచులతో చేరేసరికి కౌంటరు దగ్గరి కుర్రవాడు పుస్తకం తిప్పుతూ, తల ఎత్తకుండానే, "ఆ రేటు మామూలు రోజులకండి, మేరీమాత పండక్కి రేటు వేరే ఉంటదండి," అన్నాడు. గదికి 3,000, మూడో మనిషికి పరుపు వేయాలంటే మరో 400. అడ్వాన్సు కట్టినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, ఫోన్ ఎత్తినవాడు ఇప్పుడు డ్యూటీలో లేడన్నాడు. ఓనరుతో మాట్లాడతానంటే ఓనరు నిద్రపోయాడన్నాడు. అడ్వాన్సు వెనక్కి ఇమ్మంటే అది రేపు ఆఫీసు తెరిచాక చూడాలన్నాడు. ఈ వాదన అంతా జరుగుతుండగా అమ్మ మెట్ల మీద కూర్చుని జపమాల తీసి, మధ్యమధ్యలో నన్ను చూస్తూ, చివరికి "ఇచ్చెయ్యి నాయనా, ఈ వేళప్పుడు ఎక్కడ తిరుగుతాం," అంది. మా ఆవిడ మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనం తెల్లవారిందాకా కొనసాగింది, దాని అర్థం పెళ్లయిన వాళ్లందరికీ తెలుసు.

డబ్బు పోతే పోయింది, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది రిజిస్టరు సంగతి. సంతకం పెట్టమని నా ముందుకు తోసిన పేజీలో గది అద్దె గడిలో నీలం ఇంకుతో 1,400 అనే రాసి ఉంది. నా చేతి నుంచి తీసుకున్నది మాత్రం, అడ్వాన్సుతో కలిపి, 3,400. రసీదు అడిగితే ప్రింటరు పనిచేయడం లేదన్నారు. నా వెనక నిలబడిన తెనాలి దంపతుల పేజీలోనూ అంతే జరగడం కళ్లారా చూశాను. గది విషయానికి వస్తే, దుప్పటి మీద ఎవరిదో కొబ్బరినూనె మరక, ఫ్యాను ఒకే వేగం, వేడినీళ్లు ఉదయం ఆరు నుంచి ఏడు దాకా మాత్రమే, ఆ తర్వాత కావాలంటే బకెట్టుకు 40 రూపాయలు. మర్నాడు ఎనిమిదింటికే తలుపు తట్టి, పండగ రోజుల్లో చెకౌట్ ఎనిమిదికేనని, ఇంకో రోజు ఉంటే ఇంకో 3,400 అని చెప్పారు. అప్పుడు మా ఆవిడ నోరు విప్పి, సంచులు తానే భుజాన వేసుకుని, "మన వాళ్ల పందిట్లోకి పోదాం పదండి," అంది.

బస్టాండు నుంచి గుణదలకు ఆ మూడు రోజులూ ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది కనుక ఆటోల జోలికి పోవద్దు. అదే దూరానికి మమ్మల్ని 300 అడిగిన ఆటో అతను, మేము బస్సు వైపు నడవగానే 150కి దిగాడు, అంటే అసలు ధర ఎంతో ఊహించుకోవచ్చు. బస్సులో అమ్మ అలవాటు కొద్దీ కండక్టరుకు ఆధార్ కార్డు చూపించింది. తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది, ఆంధ్రలోనూ 2025 ఆగస్టు 15 నుంచి ఉంది, కానీ అక్కడ అది ఆ రాష్ట్రం కార్డు ఉన్నవాళ్లకే. కండక్టరు నవ్వి, "మాత దగ్గరికే కదమ్మా, టికెట్ తీసుకుని వెళ్లండి," అన్నాడు.

మా విచారణ వాళ్లు కొండ కింద ఒక సందులో, గుణదల విచారణకే చెందిన ఒక కుటుంబం ఇంటి పక్కనున్న ఖాళీ స్థలంలో పందిరి వేసుకున్నారు. ఆ ఇంటివాళ్లు స్థలానికి అద్దె పుచ్చుకోరు. నీళ్లకూ కరెంటుకూ అని మూడు రోజులకు 1,000 రూపాయలు, అదీ మా పెద్దలు బలవంతం చేస్తే తీసుకుంటారు. బస్సుకూ భోజనాలకూ కలిపి మనిషికి 650 వసూలు చేశారు. మేము రైల్లో వచ్చాము కనుక భోజనానికి తలకు 200 చాలన్నారు. ఉపదేశి గారు (విచారణలో ఫాదరుగారికి తోడుగా బోధన చూసుకునే ఆయన) మా ముగ్గురి పేర్లూ నోటుబుక్కులో రాసి, ఎదురుగా 600 అని వేసి, చదివి వినిపించి మరీ జేబులో పెట్టుకున్నారు. ముందు రాత్రి చూసిన రిజిస్టరు తర్వాత ఆ అట్ట చిరిగిన నోటుబుక్కు నాకు ఎంత ముచ్చటగా కనిపించిందో చెప్పలేను. మేము లాడ్జీలో దిగిన సంగతి తెలిసి కొందరు ఆడవాళ్లు చాటుగా నవ్వుకున్నారు గానీ, అమ్మ కోసం ఆ ఇంటివాళ్లను అడిగి ఒక నవారు మంచం తెప్పించింది కూడా ఆ నవ్విన వాళ్లే.

భోజనం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. తెల్లవారుజామున మూడింటికి మరియ సేనాదళం (మాత పేరిట నడిచే భక్త బృందం) ఆడవాళ్లు కట్టెల పొయ్యిలు రాజేస్తారు. గోంగూర పప్పు, వంకాయ టమాటా కూర, మునక్కాడల చారు. అన్నం మాత్రం కుర్రాళ్ల పని: డేగిసాకు అటూ ఇటూ ఇద్దరు పట్టుకుని, మూతికి గుడ్డ కట్టి, గంజి వార్చి, ఈతాకు చాప మీద కుప్ప పోస్తారు. ఆ ఆవిరిలో గోంగూర పప్పు కలుపుకుని, ఊరి నుంచి తెచ్చిన ఉల్లిపాయ నంజుకుని తిన్నాక, స్టేషను దగ్గర 180 రూపాయలకు తిన్న 'స్పెషల్ మీల్స్' ఎంత నీరసంగా ఉందో అర్థమైంది. దారిన పోయే యాత్రికులు ఆగి చూస్తే, ఏ ఊరు, ఏ మతం అని అడగకుండా విస్తరాకు వేస్తారు. ఈ తిరునాళ్లకు క్రైస్తవులతో పాటు హిందువులూ వస్తారన్నది వింత కాదు. తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తి వెలిగించి వెళ్లే ఆ మొక్కుబళ్లలో ఎవరు ఎవరో పోల్చడం కష్టం.

భోజనాల దగ్గర మా ఊరి పెద్దాయన ఒకరు పిల్లలను కూర్చోబెట్టుకుని కొండ కథ చెబుతారు. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి, ఇక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమం చూసుకుంటున్న రోజుల్లో, 1924లో ఈ కొండ గుహలో లూర్దుమాత స్వరూపాన్ని నిలిపారు. విజయవాడ మేత్రాసనం ఏర్పడింది 1937లో, అంటే కొండ మీది మాత మేత్రాసనం కంటే పెద్దదని ఆయన చమత్కారం. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సు దేశంలోని లూర్దులో బెర్నదెత్తు అనే పిల్లకు మరియతల్లి మొదటిసారి దర్శనమిచ్చిందన్న నమ్మికతోనే ఇక్కడి పండగకూ ఆ తేదీ వచ్చింది.

పదో తేదీ సాయంత్రం గుహ దాకా ఎక్కాము. జనం తోపులాట లేకుండా కదులుతున్నా, మెట్ల మీద కరిగిన మైనం గట్టిపడి జారుతుంది కనుక వృద్ధులు ఒక పక్కన చెయ్యి ఆనించుకుని ఎక్కడం క్షేమం. అమ్మ గుహ దగ్గరే ఆగింది. నేనూ మా ఆవిడా సిలువ మార్గం మీదుగా కొండ కొమ్మున ఉన్న సిలువ దాకా వెళ్లాము. అప్పటికి ఆవిడ కోపం తగ్గింది, పైన గాలికి కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాము. దిగేటప్పుడు చెప్పులు భద్రపరిచిన ఒక ప్రైవేటు దుకాణంవాడు 10 అని బోర్డు పెట్టి, జతకు 30 అడిగాడు. బోర్డు చూపిస్తే తిప్పి పెట్టాడు.

పదకొండున మేత్రాణులు (బిషప్పుగారు) అర్పించే ప్రధాన బలిపూజకు తెల్లవారుజామునే వెళ్లి కూర్చోకపోతే చోటు దొరకదు. ఈ తేదీనే లోకమంతటా వ్యాధిగ్రస్తుల దినంగా కూడా పాటించాలని రెండవ జాన్ పాల్ పాపుగారు 1992లో నిర్ణయించారు. అందువల్ల చక్రాల కుర్చీల్లో వచ్చినవాళ్లు, చంటిబిడ్డలను ఎత్తుకున్న తల్లులు ఎక్కువగా కనిపిస్తారు. మా విచారణ కుర్రాళ్లు అమ్మను కుర్చీతో సహా మోసుకెళ్లి ముందు వరసకు దగ్గరగా కూర్చోబెట్టారు. మైకులో జపమాల నడుస్తున్నంతసేపూ ఆవిడ మోకాలి మాట ఎత్తలేదు గానీ, పూజ అయ్యాక ఎండ గురించి మాత్రం గట్టిగానే విసుక్కుంది.

తమిళనాడు సముద్రతీరంలో ఉన్న మరియమాత పుణ్యక్షేత్రం వేళాంగణితో పోల్చి అడిగేవాళ్లున్నారు. అక్కడి ఉత్సవం ఆగస్టు 29న జెండా ఎత్తడంతో మొదలై సెప్టెంబరు 8 దాకా సాగుతుంది, పుణ్యక్షేత్రం వాళ్ల సొంత వసతి గదులూ ఉన్నాయి, తెలుగులో పూజ కూడా దొరుకుతుంది. కానీ రైల్లో ఒక రాత్రీ పగలూ గడపవలసిన ఆ ప్రయాణం ముసలివాళ్లకు శిక్షే. తెలుగువాడికి తెలుగులో పాడుకుంటూ, సొంత ఊరి వంట తింటూ, రెండు రోజుల్లో ఇల్లు చేరే వీలున్నది గుణదలే అని నా అభిప్రాయం. సముద్రం కావాలనుకునేవాళ్లు వేరే నిర్ణయించుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో మేము ఊరి బస్సే ఎక్కాము, మూడు సీట్లు సర్దారు. మైలవరం దాటాక ఉపదేశి గారు లేచి నిలబడి, బియ్యం నుంచి అగ్గిపెట్టెల దాకా లెక్క చదివారు. 1,830 రూపాయలు మిగిలింది. వంటపాత్రలకు కళాయి పోయించాలని ఆడవాళ్లు, మైకు సెట్టు బాగుచేయించాలని కుర్రాళ్లు పట్టుబట్టారు. ఖమ్మం వచ్చేదాకా అది తేలలేదు, తర్వాత ఆదివారం ఫాదరుగారి ముందు కళాయికే తీర్మానమైంది.

విచారణ తోడు లేనివాళ్లు తొమ్మిదో తేదీ ఉదయమే చేరి, గుహ చూసుకుని, ఆ సాయంత్రమే వెనక్కి రావడం మంచిది, జనం పదో తేదీ మధ్యాహ్నం నుంచి పెరుగుతారు. కొవ్వొత్తులు ఇంటి దగ్గరే కొనుక్కోండి, అక్కడ 50 అమ్మే కొవ్వొత్తి మా ఊళ్లో 20. రాత్రి తప్పనిసరిగా ఉండవలసి వస్తే, లాడ్జీవాళ్లు చెప్పిన ధరా, చెకౌట్ వేళా, మనుషుల లెక్కా వాట్సాప్‌లో రాయించుకున్న తర్వాతే అడ్వాన్సు కట్టండి. రిజిస్టరులో సంతకం పెట్టే ముందు అద్దె గడిని ఫోటో తీసుకోండి.